పిట్ట నమ్మని ఎమ్మెల్యే

ఎమ్మెల్యే దగ్గర పీఏగా చేరే పిల్లలు ఇప్పుడు ఇస్త్రీ చొక్కాతో, చేతిలో రెండు ఫోన్లతో వస్తున్నారు. మంచిదే. నేనూ మొదటి రోజు తెల్లటి కొత్త చొక్కాతోనే పోయాను. మధ్యాహ్నానికి దాని మీద కల్లు ఒలికింది. సాయంత్రం ఎవరో ముసలమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది, ఆమె నోట్లో తమలపాకు ఉంది. ఆ తర్వాత నేను ముదురు రంగు చొక్కాలే కుట్టించుకున్నాను. ఈ ఉద్యోగం గురించి ఎవరూ చెప్పని మొదటి సంగతి ఇదే, రాసి పెట్టుకోండి.

నా పేరు శంకరయ్య. భూమాగౌడ్ సారు ఆరుసార్లు ఎమ్మెల్యేగా పోటీ చేసి నాలుగుసార్లు గెలిచారు. ఆరుసార్లూ నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు ఉద్యోగం నుంచి దిగిపోయి కోరుట్లలో ఇంటి పట్టున ఉంటున్నాను. నియోజకవర్గం పేరు రాయను. రాస్తే ఫలానా ఎవరు, ఏ పార్టీ అని కూపీలు తీస్తారు. ప్రమోషన్ల ముచ్చటా చెప్పను, ఎందుకంటే ఈ ఉద్యోగంలో అవి లేవు. సారు గెలిస్తే మనకు కుర్చీ, ఓడితే అరుగు. అంతే.

అందరూ గెలుపుల గురించి అడుగుతారు. గెలుపు ఎలా వచ్చిందో గెలిచినవాడికి కూడా సరిగా తెలియదు. నాకు చెప్పడానికి ఉన్నది ఒక ఓటమి. ఒక పిట్ట వల్ల మేం ఓడిపోయామని ఊరూవాడా అనుకుంది. మేమూ అదే అనుకున్నాం.

టైపు మిషన్ ముందు

మాది సిరిసిల్ల. మా నాన్న సాంచలు నడిపేవాడు. సాంచ అంటే మరమగ్గం. ఆ చప్పుడులో పెరిగినవాళ్లం కాబట్టి ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడటం అలవాటు. నాకు ఆ పని మీద మనసు లేక టైపు నేర్చుకుని జగిత్యాల కోర్టు ముందు రేకుల కింద మిషన్ పెట్టుకుని కూర్చున్నాను.

ఒకరోజు భూమాగౌడ్ సారు దరఖాస్తు కొట్టించుకోవడానికి వచ్చారు. తాళ్లెక్కి కల్లు గీసే కుటుంబం. అప్పటికి సర్పంచ్. రెండు ముక్కల్లో అయిపోయే దరఖాస్తు. ఆయన మాత్రం చిన్నప్పుడు నడుముకు మోకు కట్టుకుని మొదటిసారి చెట్టెక్కిన దగ్గర నుంచి మొదలుపెట్టారు.

"జర తక్కువ చెప్పుండ్రి సారూ, కాయితం అయిపోతంది" అన్నాను.

"నువ్వు టకటక కొడుతుంటె నా మాట నాకే మంచిగ అనిపిస్తంది. నాతోని అస్తవా? ఎలక్షన్ల నిలబడుతున్న."

"గెలుస్తరా?"

"ఏమో. ఓడినా మాట్లాడుడైతె ఉంటది గదా."

మొదటిసారి ఓడారు. తర్వాత రెండుసార్లు వరసగా గెలిచారు. మూడు ఎన్నికల్లోనూ మాట్లాడటం మాత్రం తగ్గలేదు.

మా సారు మంచి మనిషి. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, ఆయనకు ఒక జబ్బు ఉంది. ఎవరు ఏమడిగినా "అయితది" అనేవారు. బోరు కావాలన్నా, బదిలీ కావాలన్నా, కొడుక్కు ఉద్యోగం కావాలన్నా ఒకటే మాట. నా ఉద్యోగంలో సగం ఆ మాటల్ని ఏరడమే. ఎదుటివాడి ముఖం చూసి "అయితది" అంటే నిజంగా అవుతుంది. ఆకాశం చూస్తూ అంటే చూద్దాం. మీసం దువ్వుతూ అంటే ఆ మనిషి ఇంటికి పోయి వేరే దారి చూసుకోవచ్చు. ఇది నాకు తెలుసు, జనానికి తెలియదని మేమిద్దరం అనుకునేవాళ్లం.

జీపులో దండ

మీరు ఈ ఉద్యోగంలోకి వచ్చి అసెంబ్లీ గురించి చదువుతుంటారు. చదవండి. కాని మా రోజుల్లో సారు అసెంబ్లీకి పోయిన దానికంటే చావులకు పోయిందే ఎక్కువ. అవి మంచి సంవత్సరాలు కావు. వానలు లేవు, బావులు ఎండాయి. పసుపు ధర పడిపోయింది. ఇబ్రహీంపట్నం, మేడిపల్లి దిక్కు ఏ ఊరికి పోయినా వయసు మగవాళ్లు కనిపించేవారు కాదు, అందరూ దుబాయి, మస్కట్. సిరిసిల్లలో సాంచలు ఆగిపోయాయి. ఆగిపోయిన సాంచల పక్కనే ఉరేసుకున్నవాళ్లు మా వాడలోనే ఉన్నారు. మా అన్న ఉన్న రెండు సాంచలూ అమ్మేసి కూలికి భీవండి పోయాడు. పోయేరోజు నవ్వుతూనే పోయాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

గల్ఫ్ నుంచి శవం పెట్టె వచ్చిందంటే సారు పోవాల్సిందే. జీపులో ఎప్పుడూ ఒక దండ తడిగుడ్డలో చుట్టి ఉండేది. ఆ ఇంటి ముందు దిగగానే కుర్చీ వేస్తారు, మీ సారును దాంట్లో కూర్చోనివ్వకండి. కింద కూర్చోబెట్టండి. గడియారం చూసుకోనివ్వకండి. మంచినీళ్లు ఇస్తే తాగమనండి. మా సారుకు ఇవేవీ నేను నేర్పలేదు, ఆయనకే తెలుసు. ఆయనకు తెలియనిది ఒకటే, ఎక్కడ మాట ఆపాలో.

వాగు ఒడ్డున

మేడిపల్లి దగ్గర ఒక ఊళ్లో గంగారాం అని కూలి మనిషి ఉండేవాడు. తాతల నాటి నుంచి గుంటెడు భూమి లేని ఇల్లు. కొన్నాళ్లు సిరిసిల్లలో సాంచలు నడిపాడు, అవి ఆగిపోతే గల్ఫ్ పోయాడు. భార్య లసుమవ్వ బీడీలు చేసేది. ఒక బిడ్డ. వెళ్లిన రెండో ఏడు అతనితో పనిచేసేవాడు ఫోన్ చేశాడు. కట్టే బిల్డింగు కూలింది, గంగారాం దాని కింద పడ్డాడు అన్నాడు. నెలలు గడిచాయి. పెట్టె రాలేదు, కంపెనీ జవాబు ఇవ్వలేదు. గల్ఫ్ పంపిన ఏజెంటు ఊరు విడిచాడు. ఇక ఎదురుచూడటం మంచిది కాదని కులపెద్దలు గడ్డితో మనిషి బొమ్మ చేసి కాల్పించారు. లసుమవ్వ వద్దంటూనే ఉంది, ఎవరూ వినలేదు.

దినాల రోజు మేం పోయాం. సారు గంగారాం ఫొటోకు దండ వేశారు. ఎంత మంచివాడో చెప్పారు. నిజానికి ఆయన గంగారాంను ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాత పిట్టకు పెట్టడానికి అందరం వాగు ఒడ్డుకు పోయాం. మా దిక్కు ఇది పెద్ద ఘట్టం. చనిపోయినవాడికి ఇష్టమైనవన్నీ ఇస్తర్లో, అంటే విస్తరాకులో, పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందంటే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు అయినవాళ్లు ముందుకు వచ్చి, అది మేం చూసుకుంటాం, ఇది మేం చూసుకుంటాం అని మాట ఇస్తారు. మాట ఇస్తే పిట్ట ముడుతుంది.

కాకి వచ్చింది. ఇస్తరి పక్కన రాయి మీద కూర్చుంది. కోడికూర చూసింది, కల్లు చూసింది. ముట్టలేదు.

"గంగారాం, నీ అవ్వను మేం సూసుకుంటం. ముట్టురా" అన్నాడు కులపెద్ద. కాకి ఈకలు సర్దుకుంది. తల్లి రాజవ్వ పిలిచింది, బావమరిది పిలిచాడు. కదల్లేదు. ఎండ ఎక్కుతోంది. అప్పుడు కులపెద్ద మా సారు వైపు తిరిగాడు.

"సారూ, మీరు ఒక మాట ఇయ్యుండ్రి. పెద్దోళ్ల మాటకు ముడుతది."

సారు గొంతు సవరించుకున్నారు. నాకు భయం వేసింది.

"గంగారాం, నీ బిడ్డను హాస్టల్ల ఏపిస్త. అయితది" అన్నారు. కాకి అటు తిరిగింది. "నీ ఇంటికి స్లాబు ఏపిస్త. అయితది." ఏమీ లేదు. ఇక సారుకు పట్టుదల వచ్చింది. వాడకు బోరు అన్నారు. కమ్యూనిటీ హాలు అన్నారు. చెయ్యి మీసం మీదికి పోయింది. "మేడిపల్లి దాక తారు రోడ్డు ఏపిస్త గంగారాం, అయితది."

వెనక నుంచి ఎవరో అన్నారు. "ఆ రోడ్డు పోయిన ఎలక్షన్లనే చెప్పిన్రు గద సారూ. పిట్టకు గూడ ఎరుకే."

ఒకరు నవ్వారు. తర్వాత పది మంది నవ్వారు. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కాకి లేచి వాగు అవతలికి ఎగిరిపోయింది. నేను ఈ ఉద్యోగంలో చాలా సభలు చూశాను గాని అంత ఘోరంగా చెడిన సభ ఇంకోటి చూడలేదు.

నవ్వు ఆగకముందే లసుమవ్వ ముందుకు వచ్చింది. ఆమె నవ్వలేదు.

"సచ్చినోడైతె ముడుతడు. నా మొగడు సావలే. నా గాజులు నేను తియ్య."

"గది నీ ఇష్టం గాదు లసుమీ" అన్నాడు కులపెద్ద. "దినాలు అయినంక గాజులు ఉంచుకుంటె ఊరికి మంచిది గాదు. తియ్యాలె."

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆ కులపెద్ద మాట ఆ ఊళ్లోనే కాదు, చుట్టూ ఉన్న ఊళ్లలోనూ నడుస్తుంది. నేను సారు చొక్కా లాగి, "సారూ, కోరుట్లల పెండ్లి ఉన్నది, పోదాం" అన్నాను. పీఏ అన్నవాడు అప్పుడు అనాల్సిన మాట అదే. ఇప్పటికీ అదే అంటాను.

సారు కదల్లేదు. లసుమవ్వ ముఖంలోకి చూశారు.

"ఆమె గాజుల జోలికి ఎవలు పోవద్దు" అన్నారు. "గంగారాం ఏడున్నడో నేను దేవులాడుత. బతికుంటె తోలుకస్త. సచ్చిపోతె పెట్టె తెస్త. గప్పటిదాక ఆమె ముత్తైదే."

చివర "అయితది" అనలేదు. అన్ని ఏళ్లలో ఆ మాట లేకుండా ఆయన ఇచ్చిన మాట అదొక్కటే. జీపు ఎక్కాక ఆయన చెట్టెక్కిన కథ మొదలుపెట్టలేదు. అది కూడా మొదటిసారే.

కావు కావు

ఎదుటి పార్టీ వాళ్లకు తెలివి లేదని నేను ఎప్పుడూ అనను. వారం తిరగకుండా గోడల మీద కాకి బొమ్మలు వెలిశాయి. "పిట్ట నమ్మనోన్ని మనం నమ్ముదమా" అని రాశారు. ఆటోకు మైకు కట్టి కాకి అరుపు వినిపించారు. మా జీపు ఊళ్లోకి పోతే చిన్నపిల్లలు "కావ్ కావ్" అంటూ వెంట పడేవారు. సారు జీపులో నుంచి తల బయట పెట్టి వాళ్లకంటే గట్టిగా "కావ్" అనేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. పిల్లలకు ఓట్లు ఉండి ఉంటే మేం గెలిచేవాళ్లం.

కులపెద్దలు మాత్రం నవ్వలేదు. ఆడదాని గాజుల సంగతి ఎమ్మెల్యేకెందుకు అని వాడవాడా చెప్పుకున్నారు. ఓడిపోయాం. కొద్దిలో కాదు, బాగానే ఓడిపోయాం. హైదరాబాద్‌లో పార్టీ పెద్దమనిషి ఒకరు, "కాకి చేతుల ఓడిపోయినవట గదయ్యా" అని నవ్వి, చాయ కూడా పోయకుండా పంపించారు.

ఓడిన మర్నాడు ఎమ్మెల్యే ఇల్లు ఎలా ఉంటుందో మీరు చూడాలి. బెంచీలు ఖాళీ. ఫోన్ మోగదు. నిన్నటి దాకా సారు చెప్పులు అందించినవాడు ఇవాళ రోడ్డుకు అవతలి వైపు నుంచి నడుస్తాడు. తిట్టుకోకండి, వాడికీ ఇల్లు ఉంది. సారు అరుగు మీద కూర్చుని కొబ్బరాకు చీరుతున్నారు. నేను సిరిసిల్ల బస్సు గురించి ఆలోచిస్తున్నాను.

గేటు చప్పుడైంది. లసుమవ్వ వచ్చింది. చేతినిండా గాజులు. వచ్చి సారు ఎదురుగా కింద కూర్చుంది.

"ఓడిపోయినవట గద సారూ."

"ఓడిన లసుమవ్వా."

"మంచిగైంది. ఇగ తీరికే గదా. మా ఆయన సంగతి సూడు."

సారు నా ముఖం చూశారు. నేను ఆయన ముఖం చూశాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. సిరిసిల్ల బస్సు సంగతి నేను మరిచిపోయాను.

ఒక్క మాట అడుగు

పదవి లేని ఎమ్మెల్యే ఉత్తరానికి ఎవరూ జవాబు ఇవ్వరు. మేం రాసిన వాటికి రాలేదు. ఢిల్లీ పోయాం. రైల్లో తినడానికి లసుమవ్వ మొక్కజొన్నతో మక్కగారెలు చేసి కట్టి ఇచ్చింది. ఆఫీసు వరండాలో మాకు కుర్చీ కూడా వేయలేదు, ఆ గారెలు తింటూ కూర్చుని తిరిగి వచ్చాం. దారంతా సారు చెట్టెక్కిన కథ చెప్పారు.

అసలు దారి చూపింది మేడిపల్లి బీడీల ఆడవాళ్లు. మా దిక్కు ఊళ్లలో మధ్యాహ్నం పూట ఒకరి అరుగు మీద పది మంది చేరతారు. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. చేతులు బీడీ చుడుతుంటాయి, నోళ్లు ఊరి సంగతులు చుడుతుంటాయి. వాళ్లందరి మగవాళ్లూ గల్ఫ్‌లోనే. శుక్రవారం సెలవు కాబట్టి శుక్రవారం కిరాణా దుకాణానికి ఫోన్ చేస్తారు. లసుమవ్వ ఆ అరుగు మీద అందరికీ ఒకటే చెప్పింది. "మీ ఇంటాయనతోని మాట్లాడినప్పుడు నా కోసం ఒక్క మాట అడుగుండ్రి. చేతి మీద లసుమ అని పచ్చబొట్టు ఉన్నోన్ని ఏడనన్న సూసిన్రా అని."

ఆ రోజుల్లో గల్ఫ్ ఫోన్ అంటే గడగడా మాట్లాడి పెట్టేయాలి. పిల్లల జ్వరం చెప్పాలి, అత్త కోపం చెప్పాలి, ఏడవాలి. అందులో నుంచి ఇంకొక ఆడదాని మొగుడి కోసం ఒక మాట తీసి పెట్టడం చిన్న సంగతి కాదు. పెట్టారు. బీర్పూర్ వైపు బీడీలు చేసేవాళ్లకు కబురు పోయింది, అక్కడా అడిగారు. సారు, నేను ఊరూరా తిరిగి, సెలవు మీద వచ్చినవాళ్ల ఇంటికల్లా పోయి అదే అడిగాం. ఓట్లకు కాదని నమ్మించడానికే సగం పొద్దు పట్టేది.

"ఎలక్షన్లు లెవ్వు గదా సారూ, ఎందుకచ్చిన్రు?"

"ఉత్తగనే అచ్చిన. నీ కాడ బిస్కెట్లు ఉన్నయట" అని సారు మంచంలో కూర్చునేవారు.

ఏడాది దాటింది. లసుమవ్వను పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. పిలిస్తే ముత్తైదువ అనాలా, కాదనాలా తెలియక. ఆమె బిడ్డను బడిలో ఎవరో ఏదో అంటే, ఆ పిల్ల వచ్చి "అవ్వా, నాయిన ఉన్నడా లేడా, ఒక్కటి చెప్పు" అని అడిగిందట. లసుమవ్వ ఆ మాట మాకు చెప్పి మొదటిసారి ఏడ్చింది. సారు తువాల ముఖం మీద వేసుకున్నారు.

తర్వాత ఒక శుక్రవారం ఇబ్రహీంపట్నం వైపు నుంచి కబురు వచ్చింది. అక్కడ ఒకామె భర్త జైలు నుంచి విడుదలై ఫోన్ చేశాడట. జైల్లో తన పక్క మంచం మనిషి చేతి మీద లసుమ అని ఉంది అన్నాడట.

సంగతి ఇది. బిల్డింగు కూలడానికి ముందురోజే గంగారాం కంపెనీ నుంచి పారిపోయాడు. జీతం ఇవ్వక, తిండి సరిగా పెట్టక. ఎడారిలో ఒకడి దగ్గర మేకలు కాశాడు. అక్కడ ఫోన్ లేదు, మనిషి లేడు. చివరికి పోలీసులకు దొరికి జైల్లో పడ్డాడు. పారిపోయినవాణ్ణి అడిగేవాడు ఎవరు? ఊరిలో తన బొమ్మ కాల్చారని కూడా అతనికి తెలియదు.

మనిషి ఎక్కడున్నాడో తెలిశాక పని కదిలింది. ఈసారి ఢిల్లీలో సారు వరండాలో కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడ్డారు. లోపలి ఆఫీసరు బయటకు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆయనను ఆపడానికైనా గంగారాంను విడిపించే పని చేసి ఉంటారని నా నమ్మకం.

ఎయిర్‌పోర్టు నుంచి జగిత్యాల దాకా

గంగారాం పొద్దున్నే దిగాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, ఒంటి మీద ఎవరిదో చొక్కా. లసుమవ్వ పరుగెత్తలేదు. దగ్గరికి పోయి, చెయ్యి తిప్పి పచ్చబొట్టు చూసింది. తర్వాత ఆ చెయ్యి వదల్లేదు. నాకు కళ్లు మసకబారి, ఏదో దుమ్ము పడ్డట్టు నటించాను.

గంగారాం సారును చూశాడు. అప్పటికే ఫోన్లో అన్నీ తెలుసుకున్నట్టున్నాడు.

"సారూ, నా ఫొటోకు దండ ఏసినవట."

"ఏసిన. మంచోడవని గూడ చెప్పిన. ఊరంతా ఇన్నది. ఇగ గట్లనే ఉండాలె."

దారిలో చాయ తాగడానికి ఆగాం. సారు మంచి హుషారులో ఉన్నారు. "లసుమవ్వా, నీ గాజుల కోసం నేను ఎలక్షన్లే ఓడిన. ఎరుకేనా?" అన్నారు.

లసుమవ్వ చాయ గ్లాసు కింద పెట్టింది.

"గాజులు గాదు, పిట్ట గాదు సారూ. ఓడగొట్టింది మేమే."

"మేమంటె?"

"బీడీలు చేసేటోళ్లం. నువ్వు గెలిస్తె మా ఆయనను మర్సిపోతవని నేనే అందరికి చెప్పిన. గెలిచినోనికి యాది ఉండదు. ఓడితె పని లేక దేవులాడుతవని. మా ఊర్ల, పక్కూర్ల, ఒక్క ఓటు నీకు పడలే."

గంగారాం భయంతో భార్యను, సారును మార్చి మార్చి చూశాడు. సారు తన గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది, నేను వీపు నిమిరాను.

"శంకరయ్యా, ఇన్నవా? ఏడాదిన్నర కాకిని తిట్టినం గదనె."

"ఇప్పుడేం జేస్తవ్ లసుమవ్వా, వచ్చే ఎలక్షన్ల?" అని నేను అడిగాను. అడగడం నా ఉద్యోగం.

"ఇప్పుడు సారుకు పని నేర్పినం గదా. ఇగ గెలిపిస్తం" అంది.

గెలిపించారు. ఆ తర్వాత ఇంకోసారి కూడా. రెండుసార్లూ గంగారాం ప్రచారం జీపు మీద నిలబడి "నేనే సచ్చినోన్ని" అని మైకులో చెప్పేవాడు. మేడిపల్లి రోడ్డు కూడా వేయించాం. లసుమవ్వ వచ్చి నిలబడి వేయించింది అంటే సరిగా ఉంటుంది. పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇంతే. మీ సారు చుట్టూ తిరిగే పెద్దలు ఓట్లు తెస్తామంటారు. తెస్తే తేనివ్వండి. కాని మధ్యాహ్నం పూట ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకోకుండా మీరు పీఏ కాలేరు.

ఇంకో ఇస్తరి

మొన్న ఎండాకాలం సారు పోయారు. ఎమ్మెల్యే పదవి వదిలి చాలా కాలమైంది. అయినా గల్ఫ్ కేసులు వదల్లేదు, మంచం మీద నుంచే ఫోన్ చేసేవారు.

దినాల రోజు ఆయన ఊళ్లో తాటివనం పక్కన పిట్టకు పెట్టాం. కోడికూర, మిరపకాయ బజ్జీలు, ఆయన చెట్టు నుంచే దించిన కల్లు. జనం నేల ఈనినట్టు వచ్చారు. కాకులు కూడా. ఒక్కటీ ముట్టలేదు.

కొడుకులు పిలిచారు, మనవలు పిలిచారు. మంత్రి గారు ముందుకు వచ్చి, "అన్నా, చౌరస్తాల నీ విగ్రహం పెట్టిస్త" అన్నారు. ఇంకొకరు రోడ్డుకు పేరు అన్నారు. ఇంకొకరు పెద్దకొడుక్కు టికెట్ అన్నారు. కాకి ఒకటి వాళ్లను తల పక్కకు పెట్టి చూసింది. నాకు వాగు ఒడ్డు గుర్తుకు వచ్చి నవ్వు ఆపుకోవడం కష్టమైంది. కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు.

వెనక నుంచి లసుమవ్వ వచ్చింది. జుట్టు నెరిసింది. పక్కన గంగారాం. చేతినిండా గాజులు.

"శంకరన్నా, సారు చేతుల పని ఏమన్న మిగిలి ఉన్నదా?"

ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గరి పిల్లగాడు ఒకడు కాలు విరిగి గల్ఫ్ ఆస్పత్రిలో పడి ఉన్నాడు. కంపెనీ పంపడం లేదు. చనిపోయే ముందురోజు కూడా సారు వాడి సంగతే అడిగారు.

"మరి నువ్వు చెప్పు. ఎరుకున్నోనివి నువ్వే" అంది.

జీవితమంతా ఆయన మాటలు ఏరినవాణ్ణే గాని, నలుగురి ముందు నేను ఒక మాట ఇచ్చి ఎరగను. ముందుకు పోయాను.

"సారూ, ఇబ్రహీంపట్నం పిలగాన్ని నేను తోలుకస్త" అన్నాను. అలవాటు కొద్దీ "అయితది" అనబోయి నాలుక కరుచుకున్నాను.

కాకి దిగింది. బజ్జీ ముట్టింది.

మా అబ్బాయి చదువుకున్నవాడు. కాకికి అప్పుడు ఆకలైంది నాన్నా అంటాడు. కావచ్చు. మంత్రి మాట్లాడినప్పుడు దానికి ఆకలి లేదు కాబోలు.

ఉద్యోగం నుంచి దిగిపోయానని మొదట్లో రాశాను. అది సగం అబద్ధం. ఆ పిల్లగాడు రేపు దిగుతున్నాడు. జగిత్యాల నుంచి బండి మాట్లాడాను. వాళ్ల అమ్మ వస్తుంది, లసుమవ్వ కూడా వస్తానంది. దండ మాత్రం తేవద్దని నాకు గట్టిగా చెప్పింది.